బొంత ఇచ్చే ముందు



ఈ వానాకాలం వరద బాధితుల కోసం మన బడి తరఫున బొంతలు పోగు చేద్దామని అనుకున్నాం గదా. "పాత బొంతే కదా, ఏదో ఒకటి తెచ్చి పడేస్తే సరి" అని మొన్న భోజనాల దగ్గర ఎవరో అనగా విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

మనది శబరి గోదావరిలో కలిసే చోటు. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలై 16న 71.3 అడుగులు వచ్చింది. గోదావరి అంత నిండుగా ఉన్నప్పుడు శబరి నీరు అందులోకి పోలేక వెనక్కి తంతుంది. కావున గోదావరి కనబడని ఊళ్ళు కూడా మునుగుతాయి.

ఆ ఏడు మా ఇల్లూ మునిగింది. మేము గుట్ట ఎక్కి బరకం కింద ఉన్నాం. జూలైలో చలేమిటని మీరు అడగవచ్చు. తడి ఆరాలంటే వేడి కావాలి. ఆ వేడిని తడిబట్ట మన ఒంట్లోంచే లాక్కుంటుంది. సైన్సు పాఠంలో చదివిన బాష్పీభవనం ఇదే. దానికి గాలి తోడైతే ముసలివాళ్ళూ పసిపిల్లలూ వణికిపోతారు. మా చెల్లికి అప్పుడు రెండేళ్ళు. పళ్ళు టకటక కొట్టుకోవడం నేను మొదటిసారి చూసింది ఆ రాత్రే.

తర్వాత ఒక వ్యాను మూటలు తెచ్చింది. ఎవరు పంపారో రాయను. విప్పి చూస్తే చిరిగిన ప్యాంట్లు, జిగేల్ మనే పెళ్ళి కోటు ఒకటి, ఒంటి చెప్పు. పెద్దవాళ్ళు ఏమీ అనలేదు, మూట మళ్ళీ కట్టేశారు. అడుగున మాత్రం ఒక బొంత ఉంది. ఉతికి, ఎండబెట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టింది. చెల్లి దాంట్లో పడుకుంది.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చాక తమిళనాడు తీరంలో జనం పంపిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండేవి. గూంజ్ అనే సంస్థ వాటిని ఏరి, శుభ్రం చేసి పనికొచ్చేలా చేసింది. దాన్ని 1999లో ఢిల్లీలో అంశు గుప్తా మొదలుపెట్టారు. 2015లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆ సంస్థ పాత బట్టలతో బొంతలు కూడా కుట్టిస్తుంది. హిందీలో వాటిని సుజ్ని అంటారు.

ఇంతకీ బొంత ఎందుకు వెచ్చగా ఉంటుంది? గుడ్డలో వేడి ఏమీ లేదు. పొరకూ పొరకూ మధ్య గాలి చిక్కుకుంటుంది, అది మన ఒంటి వేడిని బయటకు పోనివ్వదు. తడిస్తే గాలి ఉన్న చోట నీరు చేరుతుంది, ఇక ఆ బొంత బరువు తప్ప ఎందుకూ పనికిరాదు. ముసురులో మూడు రోజులైనా ఆరదు. కాబట్టి ప్రతి బొంతనూ విడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టాలి. యూరియా బస్తాలు వద్దు, ఆ మందు ఒంటికి మంచిది కాదు.

కొత్తగా కుట్టేవాళ్ళకు ఒక లెక్క. చీర పొడవు సుమారు పన్నెండు మూరలు. దాన్ని మూడు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క నాలుగు మూరలు, అంటే ఆరు అడుగులు, పెద్ద మనిషికి సరిపోతుంది. రెండు చీరలకు ఆరు పొరలు వస్తాయి. పైనా కిందా నూలు చీరే ఉండాలి. పాలిస్టరు చీర చెమట పీల్చదు, పైగా గుట్ట మీద నెగళ్ళు వేసుకుంటారు, నిప్పురవ్వ పడితే అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. చిరిగినవి లోపలి పొరల్లో వేయవచ్చు. కుట్లు మరీ దూరంగా వేస్తే ఉతికినప్పుడు లోపలి గుడ్డలన్నీ ఒక మూలకు చేరిపోతాయి. మా అమ్మ రెండు వేళ్ళ వెడల్పు దూరంలో వరసలు వేస్తుంది. అయ్యాక బొంతంతా అరచేత్తో మెల్లగా తడిమి చూడాలి, విరిగిన సూది లోపల ఉండిపోతుందేమో! దాని మీద పడుకునేది పసిపిల్ల కావచ్చు.

పాతవి ఇచ్చేవాళ్ళు వేడినీళ్ళలో ఉతికి, గట్టి ఎండలో రెండు రోజులు వేయండి. లోపల ఎండిన వేపాకు పెడితే పురుగు పట్టదు.

ఇంకొక మాట. బొంతలు బాధితులకే అనుకుంటున్నాం. నారింజరంగు బట్టల్లో వచ్చే ఎన్.డి.ఆర్.ఎఫ్. అన్నలు, పడవ నడిపేవాళ్ళు, కరెంటు స్తంభాలు ఎక్కే లైన్‌మెన్లు, ఆశా అక్కలు కూడా రోజంతా తడుస్తారు. రాత్రికి ఏ బడి వరండాలోనో గచ్చు మీద ఒరుగుతారు. వాళ్ళను లెక్కలో వేసేవాళ్ళు తక్కువ. మనం పదింటికి రెండు బొంతలు వాళ్ళ కోసం పక్కన పెడదామని నా అభిప్రాయం. మీరేమంటారో కింద ఖాళీలో రాయండి.

సంచి మీద చీటీ అంటించి "పెద్దది" లేదా "పిల్లలది" అని మాత్రం రాయాలి. ఇచ్చినవాళ్ళ పేరు వద్దు. పంచేటప్పుడు ఫొటోలు కూడా వద్దు. మా చేత మూట పట్టించి ఫొటో తీశారు, చెల్లి ఏడుస్తుంటే నవ్వమన్నారు.

శనివారం సాయంత్రం హాస్టలు స్టోరు గదిలో మూటలు తీసుకుంటాం. మా ఇంట్లో ఉన్న ఆ వరద బొంత ఇద్దామని నేను అడిగితే అమ్మ ఒప్పుకోలేదు. చెల్లి ఇప్పటికీ దాంట్లోనే పడుకుంటుంది. ఇంకొకటి కుడుతోంది. నాలుగు పొరలు అయ్యాయి, ఇంకొక నూలు చీర కావాలి. ఎవరింట్లోనైనా ఉంటే చెప్పండి.