మోటారింటి దీపములకు పట్టిన మసక

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలయునని మన పెద్దల మాట. ఇంటి దీపమునందు మన స్త్రీలకు గల శ్రద్ధ నేటిది కాదు. సంధ్యవేళ కాకమునుపే లాంతరు చిమ్నీని మెత్తని బూడిదతో తుడిచి, ఒత్తి సరిచేసి, చమురు పోసి వెలిగించుట మన ముత్తవ్వలకు నిత్యకృత్యము. చిమ్నీ మసిబారిన యింట చమురెంత కాలినను వెలుతురుండదని వారెఱుగుదురు. నేడు విద్యుద్దీపములు వచ్చి ఆ పని తప్పినది. కాని భార్యాబిడ్డలతో, తల్లిదండ్రులతో కుటుంబమునంతటిని రాత్రివేళ మోసికొనిపోవు బండికిని ముందు రెండు దీపములున్నవి. వాని చిమ్నీ మసకబారినదో లేదో చూచువారు మనలో మిక్కిలి తక్కువ.

అమెరికా దేశమున మోటారు హోము అను నొక విధమైన బండి కలదు. ఇంటినే చక్రములమీద నిలిపినట్లుండును. వంటకు పొయ్యి, పరుండుటకు మంచములు, స్నానపు గది, నీటి తొట్లు అన్నియు నందే అమరియుండును. ఉద్యోగము విరమించిన దంపతులు దీనిని కొని దేశము చుట్టివత్తురు. అచ్చట నివసించు మన తెలుగు కుటుంబములును వేసవి సెలవులలో దీనిని అద్దెకు తీసికొని ఎల్లోస్టోను, గ్రాండ్ కాన్యను మొదలగు చోట్లకు పోవుట కలదు. మన వంట మనమే చేసికొనవచ్చును గనుక, పెద్దవారు వెంటనున్నప్పుడు ఇది మిగుల సౌకర్యము.

ఇట్టి బండి ఏడాదిలో కొన్ని వారములే నడచును. తక్కిన నెలలన్నియు ఆరుబయట ఎండలో నిలిచియుండును. నడచి అరుగుటకంటె నిలిచి చెడుటయే దీనికెక్కువ. అట్లు చెడువానిలో మొదట కంటబడునది ముందు దీపముల కప్పు. క్రొత్తలో నీటివలె తేటగా నున్న యా కప్పు కొన్ని యేండ్లకు పాలుపోసినట్లు తెల్లబడి, పిమ్మట పసుపుపచ్చబడును.

ఈ మసక యేల పట్టును?

పూర్వపు బండ్ల దీపములకు గాజు కప్పులుండెడివి. అమెరికాలో 1940 మొదలు గాజు కప్పు, అద్దము, తీగ మూడును కలిపి మూసిన దీపమునే వాడవలయునను నియమము నడచినది. తీగ తెగినచో దీపమునంతను మార్చవలసివచ్చెడిది. కాని గాజు గనుక ఎండకు పసుపెక్కెడిది కాదు. 1953లో జర్మనీయందు బేయరు కంపెనీకి చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాయందు జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీకి చెందిన డేనియల్ ఫాక్స్, ఒకరి పని ఒకరికి తెలియకుండగనే, పాలీకార్బొనేటు అను గట్టి ప్లాస్టిక్కును కనుగొనిరి. 1983లో అమెరికా ప్రభుత్వము నిబంధనలు సవరించి, బల్బు మాత్రము మార్చుకొనదగిన ప్లాస్టిక్కు దీపములకు అనుమతించినది. మరుసటి సంవత్సరపు లింకన్ మార్కు 7 బండితో అవి అచ్చట వాడుకలోనికి వచ్చినవి.

ఈ ప్లాస్టిక్కు తేలికయైనది. రాయి తగిలినను గాజువలె పగులదు. కోరిన ఆకారమున పోతపోయవచ్చును. దీనికి శత్రువు ఎండ. సూర్యకాంతియందలి అతినీలలోహిత కిరణములు దీని అణువుల కూర్పును చెడగొట్టి పచ్చబఱచును. అందుచేత కార్ఖానాలో దీనిపై మిక్కిలి పలుచని రక్షక పూత నొకదానిని పూయుదురు. ఏండ్లు గడచిన కొలది ఎండ, ఇసుక రేణువులు, పురుగుల మరకలు, గాఢమైన సబ్బులు ఆ పూతను తినివేయును. పూత అక్కడక్కడ పెచ్చులూడినపిమ్మట లోని ప్లాస్టిక్కునకు దిక్కులేదు.

లాంతరు చిమ్నీకిని దీనికిని గల భేదమిదియే. చిమ్నీపై మసి పైపైన పట్టిన మలినము, తుడిచిన పోవును. ఇచ్చట మలినము పట్టలేదు, కప్పు యొక్క చర్మమే చెడినది. కనుక ఊరక తుడిచిన పోదు. చెడిన చర్మమును తొలగించి, క్రొత్త చర్మమును కప్పవలయును. ఈ రెండు మాటలు గుర్తుంచుకొన్నచో, అంగడిలో ఏ వస్తువు కొనదగినదో, ఏది కొనదగనిదో మనకే తెలియును.

దీనిని ఉపేక్షింపరాదు

2018లో ఏ.ఏ.ఏ. అని పిలువబడు అమెరికను ఆటోమొబైల్ అసోసియేషను పరీక్షలు జరిపి, మసకబారి పచ్చబడిన దీపములు క్రొత్తవి యిచ్చు వెలుతురులో ఇంచుమించు అయిదవ వంతు మాత్రమే ఇచ్చుచున్నవని ప్రకటించినది. తక్కిన వెలుతురు కొంత కప్పులోనే అణగిపోవును. కొంత నలుదిక్కుల చెదరి ఎదుటివారి కన్నులు మిఱుమిట్లు గొలుపును. మనకు దారి కానరాదు, ఎదుటివానికి మనవలన దారి కానరాదు.

గంటకు 55 మైళ్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 80 అడుగులు సాగును. ఎనిమిది, పది టన్నులు తూగు మోటారు హోములు అరుదు కావు. అంతటి బరువు ఆగుటకు చాల దూరము కావలయును. లేడి అడ్డము వచ్చినను, మనుష్యుడు అడ్డము వచ్చినను, ముందుగా కానవచ్చినగదా ఆపుట! ఇంకొక సంగతి: అఱువది యేండ్ల కంటి లోపలి తెఱకు చేరు వెలుతురు ఇరువది యేండ్ల కంటికి చేరుదానిలో మూడవ వంతేయని నేత్రశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇట్టి బండ్లు నడుపువారిలో పెద్దవారే హెచ్చు. వారి కంటికి బండి కంటి మసకయు తోడైన నేమి కాగలదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మొదట పరీక్ష

డబ్బు వెచ్చించుటకు ముందు మసక కప్పు వెలుపలనున్నదో లోపలనున్నదో తెలిసికొనవలయును. దీనికి చెంబెడు నీరు చాలును. కప్పును నీటితో తడుపుడు. తడిసినంతసేపు తేటగా కనబడి, ఆరగానే మరల తెల్లబడినచో మసక వెలుపలిది, ఇంటనే బాగుచేయవచ్చును. తడిసినను మసక తొలగనిచో అది లోపల నుండవచ్చును. లోపల నీటి బిందువులున్నచో అతుకు వదలి తేమ చేరినదన్నమాట. వెనుక మెరయు అద్దపుపూత నల్లబడినను, రేకులుగా లేచినను, వెలుపల ఎంత రుద్దినను వెలుతురు రాదు. అట్టి దీపమును మార్చుటయే మేలు.

ఇంట చేసికొను విధము

దీనికి వలయు సామగ్రి అమెరికాలో 20, 30 డాలర్లకు ఒక్క పెట్టెలో దొరకును. విడివిడిగ కొన్నను సరియే. నీటితో రుద్దెడి ఉప్పుకాగితములు 800, 1500, 2000, 3000 నంబరులవి, ప్లాస్టిక్కునకు తగిన మెఱుగు ముద్ద, అతుకుడు టేపు, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, ఎండనుండి కాపాడు పారదర్శకమైన పూత.

పని నీడపట్టున చేయవలయును. ముందుగా సబ్బునీటితో కప్పును కడిగి ఆరనిచ్చి, చుట్టునున్న రంగునకు గీతలు పడకుండ రెండు వరుసలుగా టేపు అంటింపుడు. 800 నంబరు కాగితమును నీట నానబెట్టి, కప్పుపై నీరు చల్లుచు, ఒకే దిక్కునకు సమముగా రుద్దుడు. మొదట పచ్చని నీరు కారును; అది చెడిన పాతపూత. నీరు తెల్లగా కారువఱకు ఈ పని మానరాదు. పాతపూత పెచ్చులు కొంచెము మిగిలినను పిమ్మట అచ్చట మచ్చలు తేలును. తరువాత 1500, 2000, 3000 కాగితములతో క్రమముగా రుద్దుడు. ప్రతి కాగితమును దానికి ముందటిది గీసిన గీతలను మాపవలయును. అందుచేత ఒకసారి నిలువుగాను, మఱియొకసారి అడ్డముగాను రుద్దినచో, పాత గీతలు పోయినవో లేదో తేటగా తెలియును. నడుమ కప్పు మంచుపట్టినట్లు తెల్లబడిన భయపడవలదు, అది సహజము. పిమ్మట మెత్తని బట్టతో మెఱుగు ముద్ద పెట్టి తోమినచో తేటదనము వచ్చును.

చాలమంది ఇచ్చటనే ఆగుదురు. తేటగా నున్నదిగదా, ఇక నేమి కావలయునని తలతురు. కాని పాతపూత పోయిన ప్లాస్టిక్కు ఇప్పుడు ఎండకు వట్టి యొడలితో నిలిచియున్నది. కొన్ని నెలలలోనే మసక మరల వచ్చును. కనుక ఆల్కహాలుతో జిడ్డు పోవునట్లు తుడిచి, రక్షక పూతను పలుచగ సమముగ పూసి, పెట్టెపై వ్రాసినంతకాలము దుమ్ము, తేమ తగులకుండ ఆరనీయవలయును. పెట్టె కొనునప్పుడు అందీ పూత యున్నదో లేదో మొదట చూచుకొనుడు. అది లేని పెట్టె ఎంత చవుకయైనను కొనదగదు.

రెండు పాళ్లు కలిపి చిమ్మెడి గట్టి పూతలు కొన్ని కలవు. అవి ఎక్కువకాలము నిలుచును. కాని వానియందలి ఐసోసయనేటులు ఊపిరితిత్తులకు కీడుచేయును. తగిన ముసుగు లేక, పిల్లలు తిరుగు ఇంట వానిని వాడరాదు. ఆ పని నేర్పరికి విడుచుట మంచిది.

నమ్మరాని చిట్కాలు

పండ్లు తోముకొను పేస్టుతో దీపములు తోమిన తళతళలాడునని పలువురు చెప్పుదురు. పేస్టులో సన్నని గరుకుపొడి యుండును గనుక కొంత మెఱుగు వచ్చుట నిజమే. కాని రక్షక పూత లేదుగనుక ఆ మెఱుగు నిలువదు. దోమలు కుట్టకుండ ఒంటికి చిమ్ముకొను మందును పూయుట మఱియొక చిట్కా. అందలి డీట్ అను ద్రవ్యము ప్లాస్టిక్కును కరగించును. పైపొర కరగి క్షణకాలము నిగనిగలాడి, తరువాత మునుపటికంటె పాడగును. బండి రంగుమీద పడినచో దానిని గూడ చెఱచును. గోళ్లరంగు తుడుచు ఎసిటోను ఈ ప్లాస్టిక్కును పగుళ్లు వాఱజేయును. వెలుతురు చాలలేదని నిర్ణయించినదానికంటె ఎక్కువ వాట్ల బల్బును పెట్టుటయు తగదు; ఆ వేడికి దీపము లోపలనే చెడిపోవును.

మార్చవలసినచో

ఏ.ఏ.ఏ. వారి పరీక్షలోనే, రుద్ది బాగుచేసిన దీపములు క్రొత్తవాని వెలుతురులో ఇంచుమించు నూటికి 70 పాళ్లు ఇచ్చినవనియు, బండి కంపెనీవారి క్రొత్త దీపములు పూర్తి వెలుతురును, ఇతరులు చేసి అమ్ము దీపములు నూటికి 83 మొదలు 90 పాళ్ల వఱకును ఇచ్చినవనియు తేలినది. కనుక రాత్రి ప్రయాణము తఱచుగా చేయువారు, కన్ను మందగించినవారు మార్చుటయే యుక్తము.

మోటారు హోము దీపములకు వెల విని గుండె పట్టుకొనువారు కలరు. పైగా బండి చేసిన కంపెనీ మూతపడియుండవచ్చును. 2009 మార్చిలో ఫ్లీట్‌వుడ్, మొనాకో కోచ్ అను రెండు పెద్ద కంపెనీలు దివాలా దరఖాస్తు పెట్టుకొన్నవి. ఇచ్చట తెలిసికొనవలసిన రహస్యమొకటి కలదు. మోటారు హోములు చేయువారిలో చాలమంది దీపములను తాము చేయరు. ఏదో సాధారణమైన కారు దీపమునో, లారీ దీపమునో కొని తమ బండికి అమర్చుదురు. దీపమును విప్పి దాని వెనుక అచ్చువేసిన అంకెలను, కప్పు అంచున నున్న గుర్తులను వ్రాసికొన్నచో, అది ఏ కారుదో కనుగొనవచ్చును. అప్పుడు అదే దీపము కారు పేరుతో సాధారణ దుకాణమున చాల తక్కువకు దొరకును. పాతబండ్లు విప్పి అమ్ము కొట్లలో ఇంకను తక్కువకు దొరకును. వ్యాను ముందుభాగమును అట్లేయుంచి వెనుక ఇల్లు కట్టిన సీ తరగతి బండ్లకైతే ఈ వెదకులాటయే లేదు. అవి ఆ వ్యాను దీపములే.

కొనునప్పుడు రెండును ఒక్కమారు కొనుడు. ఒకటి క్రొత్తది, ఒకటి పాతది యైన దారి సమముగా కానరాదు. అమెరికాలో కప్పుపై డి.ఓ.టి. అను గుర్తున్నదేమో చూడుడు. బల్బు మార్చునప్పుడు హాలొజెను బల్బు గాజును వ్రేళ్లతో ముట్టరాదు. వ్రేలి జిడ్డు అంటినచోట వేడెక్కి త్వరగా చెడును.

దీపమును బిగించినపిమ్మట దాని చూపును సరిచూడవలయును. సమమైన నేలమీద గోడకు 25 అడుగుల దూరమున బండి నిలిపి, దీపపు నడిమి ఎత్తును గోడపై గుర్తింపుడు. క్రింది వెలుతురు పై అంచు ఆ గుర్తునకు సరిగనో, కొంచెము దిగువనో యుండవలయును. ప్రయాణమునకు సామాను సర్ది, నీటి తొట్లు నింపినపిమ్మటనే ఇది చూడుడు. వెనుక బరువు హెచ్చినచో ముందు లేచి, వెలుతురు ఎదుటివారి కన్నులలో పడును.

మన యింటి కారును

ఇది అమెరికా బండ్లకే చెందిన సంగతియని విడువవలదు. మన యూళ్ల కార్లకును నేడు పాలీకార్బొనేటు కప్పులే. మన గుంటూరు, నెల్లూరు, ఖమ్మము ఎండలు ఎవరికిని తీసిపోవు. పైన చెప్పిన పద్ధతియే వీనికిని వర్తించును. బండిని నీడను నిలుపుట, నీడ లేనిచో ముందుభాగమునకు గుడ్డ కప్పుట, పురుగుల మరకలను ఆరకమునుపే కడుగుట, ఈ మూడును పైసా ఖర్చులేని రక్షణలు.

సోదరీమణులారా! బండి సంగతి మగవారిదని ఊరకుండు కాలము గడచినది. మీలో ననేకులు స్వయముగ బండి నడుపుచున్నారు. నడుపనివారును దానిలో బిడ్డలను కూర్చుండబెట్టి రాత్రివేళ ప్రయాణము చేయుచునే యున్నారు. బండి అద్దెకు తీసికొనునప్పుడైనను, దూరప్రయాణమునకు ముందైనను, ఒక్కమారు ముందునకు పోయి ఆ రెండు కప్పులను చూడుడు. బల్బు స్పష్టముగ కానరానిచో చెంబెడు నీటి పరీక్ష చేయుడు. ఒక పూట శ్రమతో, కొద్దిపాటి సొమ్ముతో తీరు పనిని వాయిదా వేయుట గృహిణి లక్షణము కాదు. దారి చూపు దీపము తేటగా నున్ననాడు, ఇంటిల్లిపాదియు క్షేమముగ ఇల్లు చేరుదురు.