మెంటన్ తీరంలో నేర్చుకున్న పాఠం

ఫ్రాన్స్ ఆగ్నేయ మూలన, ఇటలీ సరిహద్దును ఆనుకుని మెంటన్ అనే చిన్న ఊరు ఉంది. ముందు మధ్యధరా సముద్రం, వెనుక ఆల్ప్స్ కొండలు. ఉత్తరపు చలిగాలులను ఆ కొండలు అడ్డుకుంటాయి కాబట్టి జనవరిలో కూడా అక్కడ ఎండ హాయిగా ఉంటుంది. పసుపు, నారింజ, గులాబీ రంగుల పాత ఇళ్లు కొండ మీదికి మెట్లు కట్టినట్టు కనిపిస్తాయి. వాటి మధ్య 17వ శతాబ్దపు సెయింట్ మిషెల్ ఆలయ గోపురం. కింద గులకరాళ్ల తీరం. ఎక్కడ చూసినా నిమ్మచెట్లే. 1930ల నుంచి ఆ ఊళ్లో ఫిబ్రవరి నెలలో నిమ్మపండ్ల పండుగ జరుపుకుంటున్నారు. నిమ్మతోటలకు పేరున్న గూడూరు ప్రాంతం వాణ్ని కాబట్టి ఆ చెట్లు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

మొన్న జనవరిలో నేనూ నా భార్యా ఆ ఊరు చూశాం. దానికి ముందు ఏడాది నా గుండెకు స్టెంట్ వేశారు. విశ్రాంతి తీసుకొమ్మని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా నేను వినలేదు. మా సంఘంలో పెరిగి నీస్ నగరంలో ఉద్యోగం చేస్తున్న ఒక అబ్బాయి, ‘అయ్యగారూ, అమ్మగారిని తీసుకుని వచ్చి పది రోజులు మా ఇంట్లో ఉండండి’ అంటూ టికెట్లు పంపాడు. సరేనన్నాను. కాని సంఘంలో మాత్రం, ‘పరిచర్య నిమిత్తం ఫ్రాన్స్ వెళ్తున్నాను, ప్రార్థించండి’ అని ప్రకటించాను. కూలికి వెళ్లి, వచ్చిన దాంట్లో దశమభాగం తెచ్చిచ్చే విశ్వాసుల ముందు ‘సముద్రతీరానికి విశ్రాంతికి పోతున్నాను’ అనడానికి నోరు రాలేదు. ఇంటికి వచ్చాక నా భార్య ఒక్కటే అడిగింది: ‘అక్కడ మీరు ఎవరికి వాక్యం చెబుతారండీ?’ నా దగ్గర జవాబు లేదు.

నీస్ నుంచి మెంటన్‌కు రైలు సముద్రం వెంబడే వెళుతుంది. ‘అబైడ్ విత్ మి’ అనే ప్రఖ్యాత కీర్తన రాసిన హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ సమాధి నీస్‌లోనే ఉంది. ఇంగ్లాండులో జాలరుల పల్లె అయిన బ్రిక్స్‌హామ్‌లో పరిచర్య చేసిన ఆ దైవజనుడు క్షయవ్యాధితో 1847లో, 54 ఏళ్ల వయసులో ఇక్కడే కన్నుమూశాడు. క్షయకు మందు లేని ఆ రోజుల్లో మంచిగాలి, ఎండ మాత్రమే వైద్యం. మన మదనపల్లె దగ్గర మిషనరీలు ఆరోగ్యవరం శానిటోరియం కట్టింది కూడా ఆ నమ్మకంతోనే. హెన్రీ బెనెట్ అనే ఇంగ్లిష్ డాక్టరు 1859లో ఇక చావు తప్పదనుకుని మెంటన్ చేరాడు. అక్కడ కోలుకుని, ఆ ఊరి వాతావరణం గురించి పుస్తకం రాశాడు. దాంతో ఐరోపా నలుమూలల నుంచీ రోగులు అక్కడికి రావడం మొదలైంది. అందరూ కోలుకోలేదు. కొండ మీది పాత స్మశానంలో పరదేశుల సమాధులు వరుసగా ఉన్నాయి. ఆ రాళ్ల మీద వయసులు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది.

ఆ ఊరికి వచ్చినవారిలో మనందరికీ తెలిసిన దైవజనుడు ఒకరున్నారు. ఆయనే చార్లెస్ స్పర్జన్. 19 ఏళ్లకే లండన్‌లో సంఘకాపరి అయ్యారు. 5 వేల మందికి పైగా పట్టే మెట్రోపాలిటన్ టాబర్నకిల్‌ను 1861లో ప్రారంభించారు. అంతటి ప్రసంగీకుడూ గౌట్ అనే కీళ్ల జబ్బుతో, మూత్రపిండాల వ్యాధితో, మనసును కమ్మేసే కుంగుబాటుతో బాధపడ్డారు. 1870ల నుంచి చాలా చలికాలాలు మెంటన్‌లోనే గడిపారు. ఆ సంగతి ఆయన దాచలేదు. విశ్రాంతికి వెచ్చించిన సమయం వ్యర్థం కాదని తన విద్యార్థులకూ నేర్పించారు. సెమినరీలో ఆ ఉపన్యాసాలు చదివి పరీక్ష రాసినవాణ్ని నేను. మార్కులు వచ్చాయి గాని, పాఠం మాత్రం రాలేదు.

ఆయన భార్య సుసన్నా కూడా ఎన్నో ఏళ్లు వ్యాధిగ్రస్తురాలే. ఇల్లు కదల్లేని స్థితిలోనే 1875లో పుస్తక నిధిని ప్రారంభించి, పేద పాస్టర్లకు తన జీవితకాలంలో దాదాపు 2 లక్షల పుస్తకాలు పంపింది. భర్త ప్రేమించిన మెంటన్‌ను మాత్రం ఏళ్ల తరబడి చూడలేకపోయింది. 1891 జూన్ 7న స్పర్జన్ తన ఆలయంలో చివరిసారి ప్రసంగించారు. అక్టోబరు 26న లండన్ నుంచి బయలుదేరినప్పుడు ఆమె కూడా ఆయనతో ఉంది. ఇద్దరూ కలిసి మూడు నెలలు ఆ ఎండలో, ఆ నిమ్మచెట్ల మధ్య గడిపారు. 1892 జనవరి 31 ఆదివారం రాత్రి బో రివాజ్ హోటల్లో స్పర్జన్ ప్రభువు సన్నిధికి చేరారు. అప్పటికి ఆయనకు 57 ఏళ్లు. నాకిప్పుడు 56.

తీరంలో ఒక బెంచీ మీద కూర్చుని ఈ సంగతులు నా భార్యకు చెప్పాను. పెళ్లయి 28 ఏళ్లు. పని లేకుండా, ఫోను లేకుండా మేమిద్దరం ఒకచోట కూర్చున్నది అదే మొదటిసారి. ఆ సంగతి ఆమె చెబితేనే నాకు తెలిసింది.

చనిపోదామని వచ్చిన బెనెట్ బతికాడు. విశ్రాంతికి వచ్చిన స్పర్జన్ అక్కడే కన్నుమూశారు. అంటే విశ్రాంతి ఆయుష్షును కొనుక్కునే వెల కాదు. అది నమ్మకానికి గుర్తు. నేను కళ్లు మూసుకున్నా లోకాన్ని నడిపే దేవుడు కునకడని నమ్మినవాడే నిద్రపోగలడు. యెజెబెలుకు భయపడి పారిపోయి, ఇక చాలు, చనిపోతానన్న ఏలీయాకు బదరీవృక్షం కింద దేవుడు మొదట ఇచ్చింది గద్దింపు కాదు. నిద్ర, రొట్టె, నీళ్లు (1 రాజులు 19). భోజనానికి కూడా తీరిక లేని శిష్యులను ప్రభువే పక్కకు పిలిచి అలసట తీర్చుకోమన్నాడు (మార్కు 6:31). ప్రభువు అంత తేటగా పిలిస్తే, దాన్ని ‘పరిచర్య’ అనే ముసుగులో దాచిపెట్టిన నేను ఎవరిని సంతోషపెట్టాలనుకున్నాను? దేవుణ్నా, మనుషులనా?

తిరిగొచ్చిన మొదటి ఆదివారం ప్రసంగానికి ముందు సంఘంలో ఒప్పుకున్నాను. ‘పరిచర్యకు వెళ్తున్నానని మీకు అబద్ధం చెప్పాను. విశ్రాంతికి వెళ్లాను. క్షమించండి’ అన్నాను. ఆలయమంతా నిశ్శబ్దం. ఒకరిద్దరి ముఖాల్లో నొప్పి కనిపించింది. అది న్యాయమే. ఆరాధన అయ్యాక పొలం పనులకు వెళ్లే ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. ‘అయ్యా, చేనునైనా ఒక కారు బీడుంచుతాం గదా! నువ్వు మనిషివి కాదా? ఆ మాట చెప్పి పోతే మేం వద్దంటామా?’ అంది. ఏడో ఏట భూమికి విశ్రాంతి ఇవ్వమన్న లేవీయకాండం 25వ అధ్యాయం ఆమె చదివిందో లేదో తెలియదు. ఆమెకు అది పొలం నేర్పింది.

మరి నీకు విశ్రాంతి ఎప్పుడమ్మా అని అడిగాను. ఆమె నవ్వేసి ఊరుకుంది. ఆ నవ్వు నన్ను వదల్లేదు. ఆరు రోజులు ఎండలో వంగి పనిచేసే ఆ తల్లిని శనివారం రాత్రి జాగరణ ప్రార్థనకు, ఆదివారం మూడు కూటాలకు పిలిచింది నేనే. రాకపోతే భక్తి తగ్గిందని చెప్పింది కూడా నేనే! విశ్రాంతి తీసుకోవడం తెలియని కాపరి మందను కూడా పరుగులు పెట్టిస్తాడు.

మధ్యధరా తీరం అందరికీ దొరకదు. దొరకాల్సిన అవసరమూ లేదు. మా సంఘంలో ఇప్పుడు ఆదివారం సాయంత్రం కూటం లేదు. జాగరణ ప్రార్థన నెలకు ఒక్కసారే. సోమవారం నా ఫోను నా భార్య దగ్గర ఉంటుంది. ఆ పెద్దావిడ ఆదివారం మధ్యాహ్నం వేపచెట్టు కింద నులక మంచం వేసుకుని పడుకుంటోందని ఆమె మనవడు చెప్పాడు. చాలా ఏళ్ల తర్వాత నా పరిచర్యలో నాకు కనిపించిన మంచి ఫలం అదే!