నొప్పి తెలియని పాదం, నొప్పి తగ్గని పాదం

పరిశుద్ధ గురువారపు ఆరాధనలో పాదాలు కడిగే క్రమము మా సంఘంలో చాలా ఏళ్ళుగా ఉంది. పన్నెండు మందిని వరుసగా బెంచీ మీద కూర్చోబెడతాము. నేను నడుముకు తువ్వాలు చుట్టుకొని, పళ్ళెము, చెంబు పట్టుకొని ఒక్కొక్కరి ముందు మోకరిస్తాను. కొన్నేళ్ళ క్రితం ఆ వరుసలో ఎల్లారెడ్డి వైపు పల్లె నుండి వచ్చే ఒక అక్క కూర్చుంది. బీడీలు చుట్టి పిల్లలను చదివించిన మనిషి. ఆమె కుడి పాదము మీద నీళ్ళు పోసి తువ్వాలుతో మెల్లగా తుడవబోయాను. చటుక్కున కాలు వెనక్కి లాక్కుంది. పళ్ళెంలో నీళ్ళన్నీ నా మీద ఒలికిపోయాయి. వెనుక కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్వారు.

ఆరాధన అయ్యాక ఆమె నా దగ్గరకు వచ్చింది. “తప్పయింది అయ్యగారూ. గట్టిగ పట్టుకుంటె ఓర్చుకుంట గని, గట్ల మెల్లగ రాస్తె పాణం పోయినట్టయితది” అంది.

ప్రియ పాఠకులారా, ఆ మాటకు నేను సిగ్గుపడ్డాను. ఎందుకంటే ఆమె ఆ కాళ్ళ సంగతి అంతకు రెండేళ్ళ ముందు నుండే నాకు చెబుతూ వస్తున్నది. నేను ప్రతిసారీ ప్రార్థన చేసి పంపించాను. పాదము చూస్తే వాపు లేదు, పుండు లేదు, ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారు. ఏమీ లేనిదానికి ఇంత బాధేమిటి అని నాలో నేను అనుకున్నాను. పైకి అనలేదు గనుక నేను మంచి కాపరినే అని కూడా అనుకున్నాను.

ఇంకొక తప్పు కూడా చేశాను. దానిని చెప్పాలంటే డిచ్‌పల్లి సంగతి చెప్పాలి. కామారెడ్డి నుండి నిజామాబాదుకు వెళ్ళే దారిలోనే ఉన్నది ఆ ఊరు. స్కాట్లండు నుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్ 1907లో తన భర్త జార్జి కెర్‌తో నిజామాబాదుకు వచ్చింది. వీధుల్లో కుష్ఠు రోగులను చూసి ఊరుకోలేక పోయింది. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ఇచ్చిన విరాళముతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి మొదలయింది. ఆమె 1932లో ఈ దేశంలోనే కన్నుమూసింది. మా వైపు సంఘాల్లో పాత కుటుంబాలకు ఆ ఆసుపత్రి పేరు ఇంటి పేరంత దగ్గరిది.

ఏటా జనవరి 30 కుష్ఠు నివారణ దినము. దానికి దగ్గరి ఆదివారము నేను డిచ్‌పల్లి గురించీ, వేలూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గురించీ ప్రసంగిస్తుంటాను. బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టాడు. కుష్ఠు రోగుల వేళ్ళు, పాదాలు రోగమే తినివేస్తుందని లోకమంతా అనుకుంటున్న రోజుల్లో, కాదు, స్పర్శ పోవడమే అసలు కారణమని చూపించినవాడు ఆయన. నొప్పి తెలియని మనిషి ముల్లు గుచ్చుకున్నా అదే పాదము మీద నడుస్తాడు, చెప్పులో రాయి ఉన్నా సాయంత్రం దాకా నడుస్తాడు. రాత్రి ఎలుక వేలు కొరికినా మెలకువ రాదు. పుండు పడి, చీము పట్టి, చివరకు ఎముక పోతుంది. అందుకే నొప్పి ఎవరూ కోరని వరము అని బ్రాండ్ 1993లో వచ్చిన పుస్తకంలో వాదించాడు. నేను దానినే పట్టుకొని, “నొప్పి కోసం దేవునికి స్తోత్రము చెప్పండి” అని గొంతెత్తి ప్రసంగించాను. ఆ ఆదివారం ఈ అక్క స్తంభానికి ఆనుకొని కాళ్ళు చాపుకొని కూర్చుని ఉన్నది. నాకు గుర్తుంది.

కుష్ఠు విషయంలో ఆ ప్రసంగము నిజమే. ఆమె విషయంలో కాదు.

ఆమె తిరిగిన దారి ఇది. మొదట ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర సూదులు. సూది వేయించుకున్న వారము హాయిగా ఉండేదట, తర్వాత మళ్ళీ మొదటికే. అందులో ఏ మందు ఉందో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇలాంటి సూదుల్లో స్టెరాయిడ్లు ఉంటే, మాటిమాటికి వేయించుకుంటే ఎముకలు గుల్లబారతాయి, షుగరు పెరుగుతుంది. తర్వాత పట్నంలో ఎముకల డాక్టరు. మడమ ఎముక కొంచెం పెరిగిందని ఎక్స్‌రే చూసి చెప్పారు, నొప్పి బిళ్ళలు రాశారు. మడమ ఎముక పెరిగిన వాళ్ళలో చాలామందికి నొప్పే ఉండదని నాకు తర్వాత తెలిసింది. ఇంకొకరు విటమిన్లు రాశారు. ఆఖరుగా ఒకరు, “నీకేం లేదమ్మా, అంతా మనసులోనే ఉంది, ఎక్కువ ఆలోచించకు” అన్నారు. ఆ మాట ఆమెను సూది కంటే ఎక్కువ పొడిచింది.

ప్రయాణము సంగతి వేరే చెప్పాలి. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులో టికెట్టు లేదు. మేలే. కాని ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి వచ్చే బస్సులో సీటు దొరకక దారిపొడవునా నిలబడి రావడము, దిగాక చీటీల వరుసలో మళ్ళీ నిలబడడము, ఆ కాళ్ళతో ఒక్కసారి చేసి చూడాలి. పాదము చూపించుకోవడానికి వెళ్ళిన రోజే పాదము ఎక్కువ చెడేది. తర్వాత రెండు రోజులు మంచము. మంచము మీద ఉంటే బీడీలు లేవు, బీడీలు లేకపోతే ఆ వారము కూలి లేదు.

ఇంతలో మా సంఘములోనే ఒక పెద్దమనిషి ఆమెకు ఆసా రాజు సంగతి ఎత్తి చెప్పాడు. దినవృత్తాంతముల రెండవ గ్రంథము 16వ అధ్యాయములో ఆసా రాజుకు పాదాలలోనే జబ్బు వచ్చింది. అతడు వైద్యులను ఆశ్రయించినందుకు అక్కడ నింద కనిపిస్తుంది. “చూడమ్మా, నీ రోగమే అతనిది” అన్నాడట. బైబిలు చదివే అలవాటు మంచిదే, కాని సగము వాక్యము చదివే అలవాటు చాలామందిని గాయపరిచింది. ఆసా మీద మోపిన నింద వైద్యుని దగ్గరకు వెళ్ళినందుకు కాదు, దేవుని విడిచిపెట్టినందుకు. అదే అధ్యాయము మొదటినుండి చదివితే అతడు యుద్ధములో కూడా దేవుని విడిచి సిరియా రాజును ఆశ్రయించిన సంగతి ఉంది. కొలొస్సయులకు రాసిన పత్రిక చివర పౌలు తన స్నేహితుడైన లూకాను వైద్యుడని ప్రేమతో పేర్కొంటున్నాడు. వైద్యుడు అపొస్తలునితో కలిసి తిరుగవచ్చు గాని, బీడీలు చుట్టే అక్క వైద్యుని దగ్గరకు వెళ్ళకూడదా?

పాదాలు కడిగిన ఆ గురువారము తర్వాత నేనూ, నా భార్యా ఆమెను వెంటబెట్టుకొని హైదరాబాదు వెళ్ళాము. కీళ్ళవాతపు జబ్బులు చూసే రుమటాలజిస్టు ఆమె మాట అరగంట విన్నాడు. ఈ విభాగము పంజాగుట్టలోని నిమ్స్‌లో కూడా ఉన్నది, అవసరమైన వారు గుర్తుంచుకోవచ్చు. థైరాయిడు, షుగరు, విటమిన్ డి, బి12, కీళ్ళవాతము పరీక్షలన్నీ చేయించారు. అవన్నీ ముందు చూడవలసినవే, ఎందుకంటే వాటిలో ఏది చెడినా ఒళ్ళు నొప్పులు, అరికాళ్ళ మంటలు వస్తాయి. చివరకు జబ్బు పేరు చెప్పారు: ఫైబ్రోమయాల్జియా. బస్సులో వస్తూ ఆమె ఆ పేరును నాలుగైదుసార్లు పలికి చూసుకుంది. పేరున్న జబ్బు అని తెలిసినందుకే ఏడ్చింది.

ఈ జబ్బు కొత్తది కాదు. 1904లో గవర్స్ అనే ఇంగ్లీషు డాక్టరు దీనిని కండరాల వాపుగా తలచి ఫైబ్రోసైటిస్ అన్నాడు. వాపు లేదని తేలాక 1976 నుండి ఫైబ్రోమయాల్జియా అన్న మాట వాడుకలోకి వచ్చింది. 1990లో అమెరికా రుమటాలజీ వారు ఒంటిమీద 18 చోట్లు గుర్తించి, అందులో కనీసం 11 చోట్ల నొక్కితే నొప్పి ఉండాలన్నారు. విచిత్రమేమంటే ఆ 18 చోట్లలో పాదము ఒక్కటీ లేదు, మోకాళ్ళ దగ్గర ఆగిపోయారు. 2010లో ఆ లెక్క పక్కనపెట్టి, ఒళ్ళంతా పరచుకొని మూడు నెలలకు పైగా ఉన్న నొప్పి, నిద్ర లేచినా తీరని అలసట, మతిమరుపు వంటివి కలిపి చూస్తున్నారు. మగవారికీ వస్తుంది, ఆడవారిలో ఎక్కువ.

లోపల జరిగేదేమిటో ఆ డాక్టరు చెప్పింది విని నాకు మా గుడిలో మైకు గుర్తుకొచ్చింది. మైకు పెట్టె మీద శబ్దము పెంచే బొత్తాము చివరిదాకా తిప్పితే బైబిలు పేజీ తిప్పిన చప్పుడు కూడా ఉరుములా వినబడుతుంది. పేజీలో తప్పు లేదు, చెవుల్లోనూ లేదు. అలాగే పాదము పంపే చిన్న కబురును వెన్నుపాము, మెదడు ఎన్నో రెట్లు పెంచి వినిపిస్తాయి. తువ్వాలు తగిలితే నిప్పు తగిలినట్టుంటుంది. నొప్పి నిజమే, నటన కాదు. కాని ఆ నొప్పి వల్ల పాదము పాడైపోతున్నదని భయపడనక్కరలేదు.

మరి పాదము గురించి ఇంత ఎందుకు రాస్తున్నానంటారా? ఈ జబ్బుకు డాక్టర్లు అన్నిటికంటే ముందు చెప్పే వైద్యము నడక. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయే వ్యాయామము. మామూలు నొప్పి బిళ్ళలు దీనికి అంతగా పనిచేయవు, ఏళ్ళ తరబడి మింగితే కడుపు, మూత్రపిండాలు చెడతాయి. నరాల మీద పనిచేసే మందులు కొందరికి మేలు చేస్తాయి. వాటిలో కొన్ని మనోవ్యాధికి కూడా వాడేవి గనుక, “పిచ్చి మందులు ఇచ్చిన్రు” అని మనవాళ్ళు బుట్టలో పారేస్తారు. అలా చేయకండి, అడిగి తెలుసుకోండి. ఏ మందు వాడినా నడక తప్పదు. నడవమని డాక్టరు అంటాడు, నడవనివ్వనని పాదము అంటుంది. అందుచేత పాదము దగ్గరనుండే మొదలుపెట్టాలి.

మన దేశంలో పాదాలకే ప్రత్యేకంగా వైద్యుడు దొరకడము అరుదు. ఉన్న పాదాల క్లినిక్కులు ఎక్కువగా షుగరు వారి కోసమే. అయినా అక్కడికి వెళ్ళవచ్చు. వెళ్ళేటప్పుడు రోజూ తొడిగే చెప్పులను వెంట తీసుకుపోవాలి. వాటి అరుగుదల చూస్తే నడక తీరు తెలుస్తుంది. ముట్టుకునే ముందే చెప్పాలి: వేలి కొసతో రాయకండి, అరచేతితో నిలకడగా పట్టుకోండి అని. ఈ అక్క నాకు నేర్పిన పాఠము అదే. ఆమెకు అక్కడ తేలిందేమంటే, ఫైబ్రోమయాల్జియాతో పాటు మడమ శూల కూడా ఉన్నది. పొద్దున మంచము దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుండడము దాని గుర్తు. ఒక పేరు దొరికింది గదా అని ప్రతి బాధనూ దాని ఖాతాలోనే వేయకూడదు. మడమ శూలకు వేరే వైద్యము ఉన్నది. లేవకముందే మంచము మీద కూర్చుని వేళ్ళను చేత్తో తన వైపు వంచి పట్టుకోవడము, గోడకు చేతులానించి పిక్కలు సాగదీయడము, ఇంట్లో షాబాదు బండల మీద ఉత్త కాళ్ళతో తిరగకపోవడము. ఒక వారములో తగ్గదు, నెలలు పడుతుంది.

చాట ఒడిలో పెట్టుకొని, కాళ్ళు మడిచి గంటల తరబడి తునికాకు చుట్టే వారికి ఇంకొక మాట. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. పీట మీద కూర్చుంటే ఇంకా మంచిది. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోవద్దు. షుగరు ఉన్నవారు వేడినీళ్ళలో పాదాలు పెట్టే ముందు మోచేతితో చూసుకోవాలి. ఒక్క కాలే ఎర్రబడి వాచినా, పుండు పడినా, స్పర్శ తగ్గినా, అది ఈ జబ్బు లక్షణము కాదు, వెంటనే డాక్టరుకు చూపించాలి.

చెప్పుల విషయంలో నాకు ఆశ్చర్యము కలిగింది. ఆమెకు రాసింది ఎం.సి.ఆర్. చెప్పులు, మెత్తని సన్న రంధ్రాల రబ్బరువి, వెనుక పట్టీ ఉన్నవి. స్పర్శ పోయిన కుష్ఠు రోగుల కోసం వేలూరు, కరిగిరిలలో బ్రాండ్, ఆయన తోటివారు వాడుకలోకి తెచ్చిన రబ్బరే అది. నొప్పి తెలియని పాదానికీ, నొప్పి తగ్గని పాదానికీ ఒకటే చెప్పు! ఒకటే తేడా. డిచ్‌పల్లిలో పుండు చూసి ఎవరూ అబద్ధమనలేదు.

ఆ చెప్పులతోనే మాకు గుడిలో చిక్కు వచ్చింది. ఇంట్లో కూడా విడవవద్దని డాక్టరు చెప్పాడు. మా గుడిలో నున్నటి గ్రానైటు బండలు, అందరూ చెప్పులు బయట విడిచి, జంఖానా మీద కూర్చుంటారు. ఆమె చెప్పులతో లోపలికి వచ్చిన మొదటి ఆదివారమే సణుగుడు మొదలయింది. సంఘ పెద్దల కూటములో ఒకరు మోషే, మండుతున్న పొద సంగతి తెచ్చారు. పరిశుద్ధ స్థలము గదా, ఒకరికి సడలిస్తే అందరూ అడుగుతారు అన్నారు. వారిని నేను తప్పు పట్టను, చిన్నప్పటినుండి నేర్చుకున్న భయభక్తులు అవి. నేను వాదించలేదు. మోషే పాదాలకు ఫైబ్రోమయాల్జియా లేదని మాత్రం అన్నాను. కొందరు నవ్వారు, ఒకరు నవ్వలేదు. ఆ రోజు తీర్మానము కాలేదు.

మరుసటి ఆదివారము ఆమె రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. మూడవ వారము, ఆ రోజు నవ్వని పెద్దాయనే తన మోటారు సైకిలు మీద ఆమె ఊరికి వెళ్ళి వచ్చాడు. ఏమి మాట్లాడాడో నాకు తెలియదు. తిరిగి వచ్చి, “అయ్యగారూ, ఆమెకు ఇంకొక జత కొందాం. అది గుడిలోనే ఉండాలె, బయట తొడగద్దు. గప్పుడు మట్టి సంగతి రాదు, మాట సంగతి రాదు” అన్నాడు. డబ్బు కూడా ఆయనే ఇచ్చాడు.

ఇప్పుడు గుడి తలుపు వెనుక మేకుకు ఒక గుడ్డ సంచీ వేలాడుతుంటుంది. దాని పక్కన ఒక కుర్చీ. షుగరు ఉన్న ఇద్దరు అవ్వలు, మోకాళ్ళు పోయిన ఒక రిటైర్డు టీచరు కూడా తమ జతలు తెచ్చి అక్కడే పెట్టుకున్నారు, మేకులు నాలుగయ్యాయి. పోయిన పరిశుద్ధ గురువారము ఆ అక్క మళ్ళీ వరుసలో కూర్చుంది. నీళ్ళు కాస్త గోరువెచ్చగా చేయించాను. పాదము అరచేతిలో నిలకడగా పట్టుకొని, తుడవకుండా, తువ్వాలు చుట్టి వదిలేశాను. ఆమె కాలు లాక్కోలేదు.