చలికాలంలో ఇరుకు కాని ఇల్లు

క్రొత్త ఇల్లు కట్టుకోవాలని కూర్చున్నప్పుడు మనం సాధారణంగా వేసవికాలాన్నే తలచుకుంటాము. గాలి ఎటు నుండి వస్తుంది, ఫ్యాను ఎక్కడ బిగించాలి, కప్పు ఎంత ఎత్తున ఉండాలి అని ఆలోచిస్తాము. ఇది మంచిదే. అయితే ఇల్లు ఇరుకో విశాలమో తెలిసేది వేసవిలో కాదు. వేసవిలో పల్లెటూరి కుటుంబం ఇంట్లో ఉండేదే తక్కువ. పగలు వేపచెట్టు క్రింద, సాయంత్రం అరుగు మీద, రాత్రి వాకిట్లోనో డాబా మీదనో మంచాలు వేసుకొని కాలం గడుపుతాము. చలికాలం వచ్చేసరికి పొద్దుగూకగానే ఇంటిల్లిపాదీ లోపలికి చేరి తలుపులు, కిటికీలు మూసుకుంటారు. ఇంటికి అసలు కొలత అప్పుడు తెలుస్తుంది.

ప్రియ చదువరులారా, పునాది ప్రార్థనలకూ గృహప్రవేశాలకూ వెళ్ళే సేవకునిగా నేను చాలా ఇండ్లు చూశాను. ఒకే కొలత గల రెండు ఇండ్లలో ఒకటి చలిరోజుల్లో గుహలాగా, మరొకటి హాయిగా ఉండడం గమనించాను. తేడా డబ్బులో లేదు. ముగ్గు పోసే రోజున చేసిన నాలుగైదు నిర్ణయాలలో ఉంది.

చలికాలంలో ఇల్లు ఎందుకు ఇరుకవుతుంది?

మనుషులు లోపలికి వచ్చే నెలల్లోనే పంట కూడా లోపలికి వస్తుంది. ఆదిలాబాదు ప్రాంతంలో నవంబరు మొదలు జనవరి దాకా పత్తి ఏరి తెస్తారు. మంచి ధర వచ్చేదాకా దానిని ఇంటి ముందుగదిలోనే పోస్తారు. వరి పండే చోట ధాన్యం బస్తాలు ఇదే కాలంలో చేరతాయి. దుప్పట్లు, బొంతలు పెట్టెల్లో నుండి బయటికి వస్తాయి.

ఒక డిసెంబరులో అటువంటి ఇంటికి ప్రార్థనకు వెళ్ళాను. మూడు గదుల మంచి ఇల్లే. ముందుగదిలో నడుమెత్తు పత్తి ఉంది. ఆ పత్తికీ గుమ్మానికీ మధ్య, గాలి కొట్టే చోట ఇంటి పెద్దమ్మ మంచం వేశారు. బాగున్నావా అమ్మా అని అడిగితే, “ఇల్లు పెద్దగనే ఉన్నది అయ్యగారూ, నాకే జాగ లేదు” అన్నది. ఆమె కుమారుడు తల వంచుకున్నాడు. అతడు తల్లిని ప్రేమించనివాడు కాడు. ఇల్లు కట్టేటప్పుడు పత్తికి చోటు ఎవరూ గీయలేదు గనుక, ఆ చోటు తల్లి దగ్గరనుండి తీసుకోవలసి వచ్చింది. మరుసటి ఏడు వారు వెనుక గోడకు ఆనించి రేకుల కొట్టు ఒకటి వేసుకున్నారు. పెద్దమ్మ మంచం లోపలి గదికి మారింది.

ప్రభుత్వ సహాయంతో కట్టుకొనే ఇండ్లలో ఈ జాగ్రత్త మరింత అవసరము. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ పథకంలో ఇంటి కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 270 చదరపు అడుగులు. తెలంగాణలో 2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్లకు కనీసం 400 చదరపు అడుగులు. ఒక సెంటు స్థలమంటే సుమారు 435 చదరపు అడుగులు గనుక, ఈ ఇల్లు సెంటు కంటే చిన్నదే. ఇంత చోటులో ప్రతి అడుగూ లెక్కలోకి వస్తుంది.

ఎండను ఇంట్లోకి పిలవండి

చలికాలపు సూర్యుడు ఆగ్నేయాన ఉదయించి, దక్షిణపు ఆకాశంలో వాలుగా నడిచి, నైరుతిలో అస్తమిస్తాడు. డిసెంబరు 21, 22 తేదీలలో మిట్టమధ్యాహ్నం కూడా మన ప్రాంతాలలో సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కాబట్టి ఆ రోజుల్లో ఇంట్లోకి ఎండ రావలసిన దారి దక్షిణపు కిటికీయే. ఉత్తరపు గోడకు ఆ కాలంలో ఎండే తగలదు.

“దక్షిణాన కిటికీ పెడితే వేసవిలో కాలిపోమా?” అని అడుగుతారు. కిటికీ మీద 1.5 అడుగుల సజ్జ వేయించండి. కిటికీ నేల నుండి 3 అడుగుల ఎత్తున మొదలై 7 అడుగుల దగ్గర ముగిస్తే, డిసెంబరు మధ్యాహ్నపు ఎండ ఆ సజ్జ క్రిందుగా దూరి గదిలో 3 అడుగులకు పైగా పరచుకుంటుంది. ఏప్రిల్ నాటికి మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. అప్పుడు అదే సజ్జ కిటికీని పూర్తిగా నీడలో ఉంచుతుంది. వేసవిలో గదిని కాల్చేది పడమటి గోడ. అటు కిటికీ చిన్నదిగా పెట్టండి, లేదా ఒక చెట్టు నాటండి.

దక్షిణపు ద్వారబంధాలు మంచివి కావని కొందరు మేస్త్రీలు చెబుతారు. స్థలంలో దక్షిణం వైపు ఖాళీ వదలకుండా గోడను హద్దు మీదికి జరిపేస్తారు. ఎండకూ వెలుతురుకూ అపశకునం లేదు. ఉత్తరపు కిటికీకి ఎంత ఖర్చో దక్షిణపు కిటికీకీ అంతే ఖర్చు. ప్రక్కవారి గోడ 10 అడుగుల ఎత్తున ఉన్నా, మధ్యన 5 అడుగుల సందు వదిలితే డిసెంబరు మధ్యాహ్నపు ఎండ మన కిటికీ పైభాగానికి అందుతుంది.

ఏ గది ఎటు వైపు?

పగలంతా మనుషులు మసలే పెద్దగదిని, ముసలివారు పడుకొనే గదిని దక్షిణం వైపు పెట్టండి. కొట్టుగది, స్నానపు గది, వంటగది ఉత్తరం వైపు రానివ్వండి. చలిగాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యాల నుండి వీస్తుంది గనుక, ఆ చిన్న గదులు పెద్ద గదులకు అడ్డుగోడలాగా నిలుస్తాయి. పొయ్యి ఈశాన్యంలో ఉంటే గాలి పొగను ఇంట్లోకే తోస్తుంది. అందుచేత వంటగది వాయవ్యంలో ఉంటే మేలు.

పంటకు మొదటే ఒక చోటు గీయండి. 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు గల కొట్టు చాలామందికి సరిపోతుంది. అది కుదరకపోతే వంటగది, స్నానపు గదుల మీద 7 అడుగుల ఎత్తున అటక పోయించండి. బొంతలు, పెట్టెలు, విత్తనాల సంచులు అక్కడికి పోతాయి. పత్తిని మాత్రం పొయ్యికీ దీపానికీ దూరంగా ఉంచాలి.

గదిలో ద్వారం గోడ మధ్యన కాక మూలకు దగ్గరగా ఉండాలి. మధ్యన ఉన్న ద్వారం గదిని రెండు ముక్కలు చేస్తుంది, మంచం వేయడానికి నిండు గోడ మిగలదు. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి తలుపుదాకా చూపు సాగేటట్లు ద్వారాలు అమర్చండి. చూపు దూరం పోయే ఇల్లు మూసి ఉన్నా ఇరుకనిపించదు. 400 అడుగుల ఇంటిని నాలుగు పడకగదులుగా కోయడం కంటే, ఒక పెద్దగది, ఒక పడకగది ఉంచి మధ్యలో అవసరమైనప్పుడు తెర దించుకోవడం మంచిది.

గోడలకు తెల్లసున్నమో లేత రంగో వేస్తే లోపలికి వచ్చిన కొద్ది వెలుతురూ గది మూలలకు చేరుతుంది. సామాను కూడా తగ్గించాలి. షూనేమీయురాలు దైవజనునికి కట్టించిన గదిలో మంచము, బల్ల, పీట, దీపస్తంభము మాత్రమే ఉన్నాయని రెండవ రాజుల గ్రంథం చెబుతుంది. ఆ చిన్న గది అతిథికి చాలింది.

పొగ వెళ్ళే దారి

చలికాలపు ఇంట్లో అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇది. గ్యాసు పొయ్యి ఉన్న ఇండ్లలో కూడా చలిరోజుల్లో స్నానాల నీళ్ళకు కట్టెల పొయ్యి వెలుగుతుంది. దానికి పెరట్లో పడమటి వైపున చిన్న పందిరి వేయించండి. వంటగది పొగ కప్పు దగ్గర నుండి నేరుగా బయటికి పోవాలి. ప్రతి గదిలోనూ ఎదురెదురు గోడలలో, పైన, వెంటిలేటర్లు ఉండాలి. చలికి వాటిని గోనెసంచులతో కుక్కకండి. పదిమంది ఊపిరితో బరువెక్కిన గాలి ఆ దారినే పోతుంది. మూసిన గదిలో తల బరువెక్కి, ఇల్లు మీద పడినట్లనిపించడానికి ఒక కారణం ఈ నిలువ గాలే.

నిప్పుల కుంపటిని మూసిన గదిలో పెట్టుకొని ఎన్నడూ నిద్రపోవద్దు. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పసిపిల్లలు, బాలింతలు ఉన్న గదులలో కుంపటి పెట్టే ఆచారం ఇంకా ఉన్న ఇండ్లవారు ఈ మాటను మరువవద్దు. వెచ్చదనం కోసం పగటి ఎండను లోపలికి రానిచ్చి, పొద్దు వాలగానే కిటికీలు మూసి, మందపు తెర వేసుకుంటే చాలావరకు సరిపోతుంది.

పునాదికి ముందు ఒక సాయంత్రం

కాగితం మీద గీసిన గీతలు చూసి గది ఎంతో ఊహించడం అందరికీ చేత కాదు. కాబట్టి పునాది త్రవ్వకముందే స్థలం మీద ముగ్గుతో గదులు గీయండి. ద్వారాలు ఎక్కడో రాళ్ళు పెట్టండి. ఇంట్లోని మంచాలు తెచ్చి ఆ గీతల లోపల వేయండి. మంచం సుమారు 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉంటుంది. దాని ప్రక్కన ఇంకొక మనిషి నడవడానికి 2 అడుగులైనా మిగలాలి. పంట బస్తాల చోటును కూడా గీయండి. ఇంటిల్లిపాదీ ఆ గీతల లోపల ఒక గంట కూర్చోండి. ఎవరికి చోటు చాలలేదో అప్పుడే తెలిసిపోతుంది. ముగ్గును చెరిపి మళ్ళీ గీయడానికి ఖర్చు లేదు, గోడ పగులగొట్టడానికి ఉంది.

ఆ మంచాలలో మొట్టమొదట వేయవలసినది ఇంటి పెద్దవారి మంచం. దక్షిణపు కిటికీ ప్రక్కన, గుమ్మపు గాలికి దూరంగా, అందరి మాటలూ వినబడే చోట దానిని వేసి, మిగిలిన ఇంటిని దాని చుట్టూ గీయండి. మనకూ ఆ వయస్సు వస్తుంది, ఆ చలికాలాలూ వస్తాయి.