అమ్మ బీరువానే అసలైన వింటేజ్ షాపు!

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా... పర్సు ఖాళీ కాకుండా, మొహం పాడవకుండా స్టైల్‌గా ఉండటం ఎలా?

సాయంత్రం ఆరు దాటాక దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే చాలు, సగం షాపింగ్ అక్కడే అయిపోతుంది. ఫుట్‌పాత్ మీద లెగ్గింగ్స్, చున్నీలు, వన్ గ్రామ్ గోల్డ్ గాజులు, జడ క్లిప్పులు, ఫోన్ కవర్లు. "లాస్ట్ ఎంతన్నా?" అని ఒకరు, "బోణీ బేరం అక్కా, ఇంకేం తగ్గియ్యాలె?" అని ఇంకొకరు. కోచింగ్ క్లాసుల నుంచి వదిలిన వాళ్లు, ఆఫీసు నుంచి దిగిన వాళ్లు, హాస్టల్‌కి పోయే ముందు ఒక రౌండ్ వేసి వెళ్తారు.

నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి బస్సెక్కి వచ్చే వాళ్లకు మొదట కనిపించే హైదరాబాద్ ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగరే. చదువుకో, ఉద్యోగానికో వచ్చి ఇక్కడి హాస్టళ్లలో దిగిన చాలామందికి మొదటి నెలలోనే ఒక బెంగ పట్టుకుంటుంది. 'ఊళ్లో వేసుకున్న బట్టలతో తిరిగితే ఏమనుకుంటారో? కాస్త రంగు తేలితే బాగుండేదేమో?' ఇంటి నుంచి వచ్చిన డబ్బుల్లో హాస్టల్ ఫీజు పోగా మిగిలినదంతా ఈ రెండు ప్రశ్నల దగ్గరే ఖర్చయిపోతుంది. మొదటిదానికి రెండు ఉతుకులకే రంగు పోయే టాప్‌లు, రెండోదానికి పేరు తెలియని క్రీములు.

ఈ రెండింటికీ తక్కువ ఖర్చులో మంచి జవాబులున్నాయి. అవి చాలావరకు మన ఇంట్లోనే ఉన్నాయి.

వింటేజ్ అంటే ఏంటి?

ఫ్యాషన్ వాళ్ల లెక్కలో సుమారు 20 ఏళ్లు దాటిన బట్టలను, నగలను 'వింటేజ్' అంటారు. వందేళ్లు దాటితే 'యాంటిక్'. అంటే అమ్మ పెళ్లినాటి పట్టుచీర, నాన్న కాలేజీ రోజుల చొక్కా, నానమ్మ బీరువా అడుగున మడతపెట్టిన నేత చీర... అన్నీ వింటేజే. ఇన్‌స్టాలో 'థ్రిఫ్ట్' పేజీల వాళ్లు అమ్మేది కూడా ఇలాంటివే. తేడా ఏమిటంటే అవి ఎవరి బీరువాలోవో మనకు తెలియదు.

పాతవాటిని మళ్లీ వాడుకోవడం మనకు కొత్త కూడా కాదు. పాత చీరలు నాలుగైదు కలిపి బొంత కుట్టించుకున్న ఇళ్లు మనవి. పాత బట్టలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకున్న వాకిళ్లు మనవి. కాకపోతే అక్కకు చిన్నదైన గౌను చెల్లికి వేస్తే 'పొదుపు' అనేవాళ్లం. ఇప్పుడు అదే పనికి ఇంగ్లిష్ పేరొచ్చింది.

ట్రెండ్ తిరిగి తిరిగి అక్కడికే

70ల్లో మన హీరోలు బెల్‌బాటమ్ ప్యాంట్లు వేశారు. ఇప్పుడు 'ఫ్లేర్డ్' అంటూ అవే వచ్చాయి. బుట్ట చేతుల జాకెట్టు ఒకప్పుడు అమ్మమ్మల ఫ్యాషన్, ఇవాళ 'పఫ్ స్లీవ్స్'. 1973లో వచ్చిన హిందీ సినిమా 'బాబీ'లో డింపుల్ వేసుకున్న చుక్కల టాప్, 'పోల్కా డాట్స్' పేరుతో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. వాణిశ్రీ ఎత్తు కొప్పు, దానికి తగ్గ చీరకట్టు అప్పట్లో ఆడవాళ్లందరి నోళ్లలో నానాయి. ఇప్పుడు పెళ్లి రిసెప్షన్లలో అలాంటి కొప్పులే కనిపిస్తున్నాయి.

పాత స్టైల్‌ను మన తరానికి కొత్తగా చూపించిన సినిమా అంటే 2018 మే నెలలో వచ్చిన 'మహానటి'నే చెప్పుకోవాలి. సావిత్రి కాలం నాటి చీరలను, జాకెట్లను తెర మీదకు తెచ్చినందుకు ఆ సినిమాకు జాతీయ అవార్డుల్లో ఉత్తమ కాస్ట్యూమ్ డిజైన్ పురస్కారం వచ్చింది. అది అందుకున్న ముగ్గురిలో చేనేత చీరలకు పేరున్న హైదరాబాద్ డిజైనర్ గౌరంగ్ షా ఒకరు. కీర్తి సురేశ్ ఉత్తమ నటి అయింది. ఆ సినిమా చూశాక గమనించాల్సిన విషయం ఒకటుంది. సావిత్రి లుక్‌లో మెరుపులు తక్కువ. నేత చీర, ఒంటికి సరిగ్గా అమరిన జాకెట్టు, కాటుక, బొట్టు, పూలు. ఒంటికి సరిగ్గా అమరడం అన్న మాటే ఇక్కడ కీలకం.

బీరువా తెరిచాక ఏం చూడాలి?

ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మను అడిగి బీరువా తెరవండి. ఆ చీర ఎప్పుడు, ఎవరు, ఎందుకు కొన్నారో కూడా అడగండి. తర్వాత ఇవి చూసుకోండి.

* మడతలు: ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ గీత దగ్గరే చిట్లుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చిట్లిన చోట తెలుస్తుంది. అలాంటి చీర కట్టుకోవడానికి పనికిరాకపోయినా, బాగున్న భాగంతో కుర్తీయో జాకెట్టో కుట్టించుకోవచ్చు.

* జరీ: అసలు జరీలో పట్టు దారానికి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేస్తారు. కాంజీవరం లాంటి చీరల జరీని కొంచెం గీరితే లోపల ఎర్ర దారం కనిపిస్తుంది. 'పాత పట్టుచీరలు కొంటాం' అని తిరిగేవాళ్లు వచ్చేది ఆ వెండి కోసమే. కాబట్టి తొందరపడి ఎంతకో అంతకు ఇచ్చేయకండి.

* ఇక్కత్: దారానికి ముందే రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి అసలు ఇక్కత్‌లో డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అంచులు కొంచెం చెదిరినట్టు, ఈకల్లా కనిపిస్తాయి. ప్రింట్ వేసిన నకిలీకి వెనకవైపు రంగు వెలవెలబోతుంది. ఫుట్‌పాత్ మీద 'పోచంపల్లి' అంటూ అమ్మేవాటిని తిరగేసి చూస్తే సంగతి తేలిపోతుంది.

దాచేటప్పుడు పట్టుచీరను పాత కాటన్ గుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ కవర్ వద్దు. రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి. సెంటు, బాడీ స్ప్రే జరీ మీద నేరుగా కొట్టుకుంటే నల్లబడుతుంది.

అసలు డిజైనర్ మన టైలరే

చీర ఐదున్నర మీటర్లు ఉంటుంది. కుర్తీకి సుమారు రెండున్నర మీటర్లు చాలు. అంటే ఒక్క చీరతో మీకో కుర్తీ, చెల్లికో కుర్తీ వచ్చేస్తాయి. కొంగు భాగాన్ని వీపు మీదకో, చేతులకో వచ్చేలా పెట్టించుకుంటే అదే డిజైన్. పాత బట్టకు లైనింగ్ తప్పనిసరి. లేకపోతే కుట్టు దగ్గర లాగి చిరుగుతుంది.

చైతన్యపురి, కొత్తపేట గల్లీల్లో పికో, ఫాల్ బోర్డులకు కొదవలేదు. మొదటిసారి వెళ్తున్న టైలర్‌కు ఖరీదైన చీర ఇవ్వకండి. ఒక మామూలు టాప్ ఆల్టరేషన్‌కిచ్చి పనితనం చూడండి. 'అక్కా, భుజం దగ్గర జారుతుంది, చంక దగ్గర పట్టేస్తుంది' అని ఇబ్బంది ఎక్కడో స్పష్టంగా చెప్పండి. రీల్‌లో ఫొటో చూపించి 'ఇట్లనే కావాలె' అనడం కన్నా, మీకు సరిగ్గా అమరిన పాత డ్రెస్ ఒకటి కొలతకిస్తే పని తేలిక.

ఒక చిన్న లెక్క వేసుకోండి. 500 రూపాయల టాప్ ఐదుసార్లకే పాడైతే ఒక్కోసారికి 100 పడినట్టు. అమ్మ చీరకు లైనింగ్, కుట్టుకూలీ కలిపి 1,000 అయినా, 40 సార్లు వేసుకుంటే ఒక్కోసారికి పడేది 25 రూపాయలే.

అబ్బాయిల సంగతో?

నాన్నల 80లు, 90ల చొక్కాలు కొంచెం వదులుగా ఉంటాయి. ఇప్పుడు ట్రెండ్ కూడా వదులే. కాలర్ చిరిగిపోతే తిప్పి కుట్టే పని టైలర్లకు ఇప్పటికీ తెలుసు. చేతులు మడిచి, ఇస్త్రీ చేసి వేసుకుంటే ఇంటర్వ్యూకి కూడా పనికొస్తుంది.

ఇక హెచ్ఎంటీ వాచీ. 1961లో జపాన్ కంపెనీ సిటిజన్‌తో కలిసి మొదలైన ఈ ప్రభుత్వ వాచీలు పెళ్లికొడుకుల కట్నాల్లో, రిటైర్మెంట్ సన్మానాల్లో తప్పక ఉండేవి. 2016లో హెచ్ఎంటీ వాచెస్‌ను మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. అప్పటి నుంచి 'జనతా', 'పైలట్' లాంటి కీ ఇచ్చే మోడళ్లకు మోజు పెరిగింది. తాతయ్య వాచీ ఆగిపోయి సొరుగులో పడుంటే పారేయకండి. చాలాసార్లు శుభ్రం చేసి, నూనె వేస్తే మళ్లీ నడుస్తుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. పాత మెషీన్‌కు కొత్తగా రంగేసిన డయల్ పెట్టి 'ఒరిజినల్' అని అమ్ముతుంటారు.

ఎల్బీనగర్ దాటి కాస్త ముందుకెళ్తే...

2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలయ్యాక దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మూడో స్టేషనే అయింది. అక్కడి నుంచి విజయవాడ హైవే పట్టుకుంటే భూదాన్ పోచంపల్లి ఓ ఆదివారం పూట వెళ్లొచ్చేంత దగ్గర. 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలైన ఊరు అదే. అక్కడి ఇక్కత్‌కు జీఐ గుర్తింపు ఉంది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో అదీ ఒకటి. కొనకపోయినా ఫర్వాలేదు. మగ్గం దగ్గర ఒక గంట కూర్చుంటే దారానికి ముడులేసి రంగులద్దడం కళ్లారా చూడొచ్చు. ఆ తర్వాత ఇంట్లో ఉన్న నేత చీరను చూసే చూపే మారుతుంది.

మొహానికి ఎంత చేయాలి?

ఎంత తక్కువైతే అంత మంచిది. పొద్దున, రాత్రి మామూలు ఫేస్‌వాష్, ఒక మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. మన ఎండలకు ఎస్పీఎఫ్ 30 అయినా ఉండాలి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు తీసుకుంటే మొహానికి, మెడకు సరిపోతుంది. బఠాణీ గింజంత రాస్తే డబ్బాపై రాసిన ఫలితం రాదు. బండి మీద తిరిగేవాళ్లు స్కార్ఫ్‌ను, హెల్మెట్ లోపలి గుడ్డను తరచూ ఉతకాలి. నుదుటి మీద, చెంపల మీద మొటిమలకు ఆ మురికీ చెమటా కూడా కారణమే.

అమ్మమ్మ చిట్కాల్లో ఉంచుకోవాల్సినవి ఉన్నాయి, వదిలేయాల్సినవీ ఉన్నాయి. కుంకుడుకాయలో సహజంగానే నురగ వచ్చే సపోనిన్లు ఉంటాయి. గింజలు తీసి రాత్రి నానబెట్టి పొద్దున వాడుకోవచ్చు. జుట్టు పొడిగా ఉండేవాళ్లు ముందు నూనె రాసుకోవాలి. కంట్లో పడితే సంగతేంటో అందరికీ తెలిసిందే! పెసరపిండితో చేసిన సున్నిపిండి ఒంటికి బాగుంటుంది కానీ మొటిమల మీద రుద్దకూడదు. నిమ్మరసం మొహానికి రాసి ఎండలోకి వెళ్తే చర్మం కాలి మచ్చలు పడతాయి. మొటిమకు టూత్‌పేస్ట్ అసలే వద్దు.

గోరింటాకు మొదట నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజుల్లో ముదురు ఎరుపవుతుంది. గంటలోనే నల్లగా పండే 'బ్లాక్ మెహందీ'లో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం ఉండొచ్చు. దాంతో బొబ్బలు రావొచ్చు. స్టిక్కర్ బొట్టు పెట్టే చోట దురద వచ్చినా, రంగు తగ్గినా వెంటనే మానేయండి. కొన్ని జిగుర్లలోని రసాయనాల వల్ల అక్కడ తెల్లమచ్చ పడుతుంది.

తెలుపు కోసం తొందరొద్దు

మన దేశంలో 1975 నుంచి 'ఫెయిర్' అనే పేరుతో అమ్ముడైన ప్రసిద్ధ క్రీము కూడా 2020లో ఆ మాటను పేరులోంచి తీసేసింది. కానీ మనసుల్లోంచి ఆ మాట ఇంకా పోలేదు. పెళ్లిచూపులు, ఫొటోలు, 'కొంచెం నల్లగైనవ్' అనే చుట్టాలు... ఈ ఒత్తిడిలోనే ఫ్రెండ్ చెప్పిందనో, మెడికల్ షాపతను ఇచ్చాడనో క్రీము మొదలుపెడతారు. వారంలో మొహం మెరుస్తుంది. కారణం అందులోని స్టెరాయిడ్!

ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, మోమెటాసోన్, క్లోబెటసోల్ అని ఉంటే అది అందానికి వాడే క్రీము కాదు, డాక్టర్ రాయాల్సిన మందు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రగా మారి మండుతుంది, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మొహం ఇంకా పాడవుతుంది, దాంతో మళ్లీ రాస్తారు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు సిగ్గుపడకుండా ఆ ట్యూబు పట్టుకొని చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. ఎలా మానాలో వాళ్లు చెబుతారు. ఏ వివరాలూ లేని డబ్బాలో అమ్మే 'నైట్ క్రీము'ల జోలికి అసలు పోవద్దు.

నిజానికి ముదురు రంగు ఒంటికి పసుపు, ముదురు ఆకుపచ్చ, కుంకుమ ఎరుపు, నీలం ఎంత బాగా నప్పుతాయో మన నేత చీరలను చూస్తేనే తెలుస్తుంది. మొహం రంగు మార్చే ప్రయత్నం కన్నా దుప్పట్టా రంగు మార్చడం తేలిక, చౌక, క్షేమం.

ఈ నెల కొత్తగా ఏదైనా కొనే ముందు ఒకసారి ఇంటికి ఫోన్ చేయండి. 'అమ్మా, నీ బీరువాల పాత చీరలేమున్నయ్?' అని అడగండి. ఎవరికీ ఇచ్చేయొద్దని కూడా అప్పుడే చెప్పేయండి!