మాత్రలు మింగిన మనిషిని దాచవద్దు

దోమలగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీధుల్లో కుటుంబాలతోపాటు పోటీ పరీక్షలకు చదివే యువత ఎందరో హాస్టళ్లలో ఉంటున్నారు. మనసు విరిగి ఎవరైనా ఎక్కువ మాత్రలు మింగితే, దగ్గరివారు పరువుకో, పోలీసు కేసుకో భయపడి ఆలస్యం చేస్తారు. ఆ ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది.

వెంటనే 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. మగతలో అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఖాళీ అట్టలు వెంట తెండి. ఏ మాత్రలు, ఎప్పుడు మింగారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మేము మొదట శ్వాస, నాడి, బి.పి., షుగర్ చూస్తాము, ఇ.సి.జి. తీస్తాము. "బాగానే ఉన్నాడు కదా" అని ఇంటికి తీసుకుపోవద్దు. పారాసిటమాల్ ఎక్కువైతే మొదటి రోజు ఏమీ తెలియకపోవచ్చు, కాలేయం తరువాత దెబ్బతింటుంది. దాని విరుగుడు మందు 8 గంటలలోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

ఆసుపత్రిలో మెడికో లీగల్ నమోదు జరుగుతుంది. అయితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇటువంటివారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించి, చికిత్స అందించాలంటుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు.

ప్రాణం నిలిచినా మనసు గాయం మిగులుతుంది. అందుకే మానసిక వైద్యులు మాట్లాడిన తరువాతే ఇంటికి పంపాలి. మంచం పక్కన నిలబడి "ఎందుకిలా చేశావు?" అని నిలదీయకండి. "నువ్వు మాకు కావాలి" అనండి. ఇంట్లో మందులు తాళం వేసి ఉంచండి. మాట్లాడే తోడు కావాలంటే టెలి మానస్ 14416 రాత్రింబగళ్లు ఉచితంగా పలుకుతుంది.