వెలుపల ఉంచిన సహోదరుని లోనికి పిలిచేదెవరు?



మన సంఘాలలో రెండు మాటలు తరచు వింటూ ఉంటాము. "దేవుడు కృపగలవాడు, ఒకరి తప్పులు మనకెందుకు?" అనేది మొదటిది. "తప్పు చేశాడు, బల్లకు దూరంగా ఉంచండి" అనేది రెండవది. మొదటి మాటలో పరిశుద్ధత లేదు. రెండవది అంతటితో ఆగిపోతే అందులో ప్రేమ లేదు.

కృప వేరు, క్రమశిక్షణ వేరు అనుకోవడమే ఇందుకు కారణం. తీతు 2:11,12 వచనాలలో, మనలను రక్షించే కృపయే భక్తిహీనతను విడిచి బ్రతకడం మనకు నేర్పుతుందని పౌలు అంటాడు. అక్కడ వాడిన గ్రీకు మాట బిడ్డను దిద్ది పెంచడానికి వాడే మాట. తల్లి అన్నం పెట్టే చేతితోనే బిడ్డను దిద్దుతుంది గదా! కృప చేసే పని కూడా అదే.

కొరింథు సంఘాన్ని చూడండి. పౌలు ఏడాదిన్నర ఉండి బోధించిన సంఘమది (అపొ. కా. 18:11). అక్కడ ఒకడు తన తండ్రి భార్యను ఉంచుకున్నాడు. సంఘం దుఃఖపడకపోగా అతిశయపడింది. అతనిని వెలివేయమని పౌలు ఖండితంగా వ్రాశాడు. ఎందుకు? చివరికి అతని ఆత్మ రక్షింపబడాలని (1 కొరింథీ 5:5). రెండవ పత్రికలో శిక్ష పొందిన ఒకని గురించి, ఇక శిక్ష చాలు, క్షమించి ఆదరించండి, లేకుంటే దుఃఖంలో మునిగిపోతాడు అన్నాడు (2:6-8). ఇతడు ఆ మనిషేనని కొందరు, వేరొకడని కొందరు పండితులు చెబుతారు. ఎవరైనా సరే, శిక్షకు ఒక ముగింపు ఉండాలన్నది స్పష్టం.

మన దగ్గర జరుగుతున్నదేమిటి? బల్లకు దూరమైన ఇంట ప్రార్థన కూటాలు ఆగిపోతాయి. పిల్లలు సండే స్కూలు మానేస్తారు. కొన్నేళ్లకు ఆ కుటుంబాన్ని అడిగేవారుండరు. తప్పు చేసినది ఒకరు, దూరమైనది ఇల్లంతా!

మత్తయి 18:15-17లో ప్రభువు ఒక వరుస చెప్పాడు. మొదట ఒంటరిగా వెళ్లాలి, తరువాత ఒకరిద్దరితో, ఆ తరువాతనే సంఘానికి తెలపాలి. మనం తలక్రిందులు చేశాము. ముందు బావి దగ్గర చెప్పుకుంటాము, తరువాత పెద్దల కూటంలో, ఆఖరుకు ఆ మనిషితో. మందిరానికి రేకులు వేయించిన పెద్దమనిషి త్రాగివస్తే కళ్లు మూసుకొని, కూలికి వెళ్లే విధవరాలి కుమార్తెను మాత్రం అందరి ముందు నిలబెడితే, అది క్రమశిక్షణ కాదు. యాకోబు 2వ అధ్యాయం గద్దించే పక్షపాతమే.

సంఘ పెద్దలకు మా మనవి: ఎవరినైనా బల్లకు దూరంగా ఉంచిన రోజుననే, వారి ఇంటికి వారం వారం ఎవరు వెళ్లాలో కూడా నిర్ణయించండి. వెళ్లేవారు తాము కూడా శోధింపబడగలమని ఎరిగి, సాత్వికంతో వెళ్లాలి (గలతీ 6:1). పశ్చాత్తాపం కనబడినప్పుడు ఆలస్యం చేయక, అందరి ఎదుట చేర్చుకోండి. దూరంచేసిన సంగతి ఊరంతటికీ తెలిసినప్పుడు చేర్చుకున్న సంగతి ఎందుకు తెలియకూడదు?

బొగ్గుల మంట దగ్గర ప్రభువును ఎరుగనన్న పేతురును, మరొక బొగ్గుల మంట దగ్గర ప్రభువు ముమ్మారు అడిగాడు. ఆ ప్రశ్న పేతురును నొప్పించింది. అయినా గొఱ్ఱెలను అతని చేతికే అప్పగించాడు. నొప్పించినదీ, నిలబెట్టినదీ ఒకే ప్రేమ.

అట్టి ప్రేమను ప్రభువు మన సంఘాలకు దయచేయునుగాక. ఆమేన్.